ఎదుటివాడి ఇంగ్లీషు దిద్దడం ఎలా

ఈ విద్యకు ఇంగ్లీషు బాగా వచ్చి ఉండాలన్న నియమం లేదు. బాగా వస్తే మరీ ఇబ్బంది, సందేహాలు పుడతాయి. సందేహం ఉన్నవాడి నోట ‘రాంగ్’ అనే మాట గట్టిగా పలకదు. కావలసిందల్లా ఒక మోస్తరు పెద్ద గొంతు, చుట్టూ నలుగురు మనుషులు, ఎదురుగా తిరిగి మాట్లాడలేని చిన్నవాడొకడు. మార్కాపురం బస్టాండు పక్కన టీ అంగడి, గిద్దలూరులో పెళ్ళి బంతి, కంభం స్టేషన్లో రైలు ఆలస్యమైన సాయంత్రం, ఇలాంటి చోట్ల ఇవన్నీ తేలిగ్గా కలిసొస్తాయి. పక్కకు పిలిచి మెల్లగా చెప్పడం కొందరు పాతకాలపు మాస్టార్లకు ఉండే పాడు అలవాటు. అలా చెబితే తప్పు పోతుందేమో గానీ, పట్టింది మీరేనని ఊరికి తెలిసేదెట్లా?

తప్పు ఏదన్నది తర్వాతి సంగతి, ముందు ఎవర్ని దిద్దాలో తేల్చుకోండి. అప్పు ఇచ్చినవాణ్ణి, సంతకం పెట్టేవాణ్ణి, పిల్లనిచ్చినవాణ్ణి ముట్టుకోకూడదు. ఎమ్మార్వో గారు ‘యు కెన్ ఏబుల్ టు కమ్ మండే’ అన్నారనుకోండి, చేతులు కట్టుకుని ‘అట్లనే సార్, సోమవారం వస్తాం’ అనాలి. సోమవారం పొయ్యాక ఆయన లేకపోయినా ఏమీ అనకూడదు. అదే మాట ఆ ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టే కుర్రాడు అంటే మాత్రం వదలొద్దు. సెల్‌ఫోను షాపు పిల్లాడు, కొరియర్ తెచ్చే అబ్బాయి, డిగ్రీ చదివే మేనల్లుడు, ఇంటికొచ్చిన కొత్తకోడలు, వీళ్ళంతా మన పరిధిలోకి వస్తారు. డల్లాస్ నుంచి సంక్రాంతికి దిగిన పెద్దన్న కొడుకు ‘మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్ దేర్’ అంటే అది యాస. తర్లుపాడు నుంచి రోజూ బస్సులో మార్కాపురం కాలేజీకొచ్చే పిల్లాడు అదే ముక్క అంటే అది తప్పు. వినగానే ఈ తేడా పట్టే చెవి ఒక్కరోజులో రాదు, సాధన కావాలి.

పైవాళ్ళ తప్పును తప్పు అనరు, స్పెల్లింగు అంటారు. కంభం స్టేషన్ బోర్డు చూడండి. ఇంగ్లీషులో సి, యు, ఎం, బి, యు, ఎం. కూడబలుక్కుని చదివితే ‘కంబమ్’ వస్తుంది, కొంచెం అటూ ఇటూ అయితే ‘కుంబుమ్’ కూడా వస్తుంది. ‘భ’ మాత్రం ఎంత వెతికినా దొరకదు. దొరలకు నోరు తిరగలేదు, తిరిగినంత మేరకు రాసుకున్నారు. ఈ సీమ 1800లో నిజాము చేతిలోంచి కంపెనీ చేతికి వచ్చింది. కొంతకాలం కడప కలెక్టరు కింద ఉంది. 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుడితే అందులోకి వచ్చింది. ఇన్ని చేతులు మారినా ఆ ఆరక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. కడపవాళ్ళు కాస్త గట్టివాళ్ళు, దొరలు రాసిపోయిన ‘కుడ్డపా’ను 2005లో వదిలించుకున్నారు. దానికి సర్కారు ఉత్తర్వు కావలసి వచ్చింది. మనూరి ముసలాయన ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అంటే ఉత్తర్వులేమీ అక్కర్లేదు, టీ గ్లాసు కింద పెట్టకముందే తీర్పు చెప్పేయొచ్చు.

మనిషి దొరికాడు కదా, ఇక తప్పు. తప్పులు వెతుక్కోవలసిన కరువు ఈ ప్రాంతంలో లేదు. ‘మైసెల్ఫ్ వెంకటేశ్వర్లు’ అని మొదలుపెట్టేవాడు మొదటి వాక్యంలోనే మన చేతికి చిక్కుతాడు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘డిస్కస్ అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’, ‘టుడే మార్నింగ్’, ‘కజిన్ బ్రదర్’, ఇవన్నీ చెట్టున పండి రాలే రకం. వీటిలో ఏ ఒక్కదాన్ని విన్నా ఎదుటివాడు చెప్పదలచింది పూర్తిగా అర్థమవుతుంది. అర్థమైనట్టు మొహంలో కనపడనీయకూడదు. ‘టుడే మార్నింగ్’ అంటే ఏ పొద్దో తెలియక కొట్టుమిట్టాడుతున్నట్టు నుదురు ముడివేసి, ‘యూ మీన్, దిస్ మార్నింగ్?’ అనండి. అంతలో అవతలివాడు పొద్దున ఏం జరిగిందో చెప్పడం మరిచిపోతాడు. బోరుబావి మోటారు కాలిందని చెప్పడానికి వచ్చి ఉంటాడు పాపం. మోటారు ఎక్కడికీ పోదు.

‘డిడ్ నాట్ వెంట్’ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన వృత్తిలో సగం గిరాకీ ఇక్కడే. నిన్న బడికి ఎందుకు రాలేదంటే ఎనిమిదో తరగతి పిల్ల లేచి ‘ఐ డిడ్ నాట్ వెంట్ ఎనీవేర్ సర్, ఫీవర్’ అంటుంది. జ్వరం తగ్గిందా అని అడగొద్దు. ‘డిడ్ నాట్ వెంటా?’ అని వెనక బెంచీ దాకా వినపడేట్టు సాగదీయండి. తరగతి నవ్వుతుంది, పిల్ల కూర్చుంటుంది, పని అయిపోతుంది. అయితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. తెలుగులో మనం ‘వెళ్ళాడు లేదు’ అనం, ‘వెళ్ళలేదు’ అంటాం. జరిగిపోయిందని చెప్పే ‘ఆడు’ను ఊడదీసి, ఉత్త ‘వెళ్ళ’ను మిగిల్చి, దానికి ‘లేదు’ తగిలిస్తాం. ఇంగ్లీషువాడు చేసేదీ ఇంచుమించు అదే. గడిచిన కాలం బరువంతా ‘డిడ్’ మోస్తోంది కాబట్టి ‘వెంట్’ దించుకుని ఉత్త ‘గో’ అయిపోతుంది. ఈ రెంటినీ నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపించారో, ఆ పిల్ల ఒక్క నిమిషంలో పట్టేస్తుంది. సాయంత్రం ఇంటికి పోయి తమ్ముడికీ చెబుతుంది. రేపు మీరు దేన్ని దిద్దుతారు? అందుకే కారణం జోలికి పోవద్దు. తప్పు అనండి, దాటిపొండి.

కారణాల జోలికి పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వల్లే ఈ విద్యకు చెడ్డపేరు వచ్చింది. పిట్ కార్డర్ అనే బ్రిటిష్ భాషావేత్త 1967లో ఒక వ్యాసం రాశాడు. నేర్చుకునేవాడి తప్పుల్లో చాలావరకు బుద్ధిహీనత వల్ల వచ్చేవి కావు, వాడు లోపల ఒక నియమం కట్టుకుంటున్నాడనడానికి ఆనవాళ్ళు అన్నాడు. ‘వెంట్’ అన్న పిల్లకు గడిచిన కాలం రూపం తెలుసన్నమాట, దాన్ని ఎక్కడ వాడకూడదో ఒక్కటే తెలియదన్నమాట. ఇలాంటి మాటలు వింటే తప్పు చూసినప్పుడు కోపానికి బదులు ఆసక్తి పుట్టే అవకాశముంది. 1996లో జాన్ ట్రస్కాట్ అనే ఆయన ఇంకో అడుగు వేసి, రెండో భాష నేర్చుకునేవాళ్ళ రాతల్లో వ్యాకరణం దిద్దడం వల్ల ఉపయోగం లేదు, చెరుపే ఉంది, మానేయండి అన్నాడు. డానా ఫెరిస్ 1999లో ఆయనకు ఎదురు నిలిచి, అన్నిటినీ కాక కొన్నిటిని ఎంచి, పిల్లవాడికి తెలిసేట్టు దిద్దితే మేలు జరుగుతుందని వాదించింది. మనవైపు మాట్లాడుతోందనుకుని ఆమెను నమ్మేరు! ఎంచాలట, తెలిసేట్టు చెప్పాలట. అంత తీరిక ఉంటే మనం ఈ పనిలోకి ఎందుకు వస్తాం?

అంతకంటే విచిత్రం మన పక్కనే జరిగింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగళూరులోనూ తమిళనాడులోనూ మామూలు బడుల్లో వ్యాకరణ పాఠమంటూ పెట్టకుండా ఇంగ్లీషు చెప్పించి చూశాడు. రైళ్ళ టైంటేబులు ఇచ్చి ఫలానా ఊరికి ఎన్నింటికి చేరతావని అడగడం, పటం ఇచ్చి దారి చెప్పమనడం, ఇలాంటి పనులు. పిల్లల బుర్ర జవాబు మీద ఉంటే భాష దానంతట అది పట్టుబడుతుందని ఆయన నమ్మకం. ఎదురుగా గుంటూరు–గుంతకల్లు లైను పోతున్నా మన బళ్ళలో ఇలాంటి పనికి దిగకండి. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల వేళలు పిల్లలు ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తుంటే మధ్యలో ‘ది’ పెట్టలేదని ఆపడానికి మనసొప్పదు.

లీవు లెటరు సంగతి విడిగా చెప్పుకోవాలి. ‘రెస్పెక్టెడ్ సర్, ఆస్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్, కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.’ అక్క పెళ్ళయినా, చెన్నకేశవస్వామి తేరయినా, అమ్మమ్మ పోయినా ఇదే ఉత్తరం. జ్వరమే, రెండు రోజులే. తాతల కాలం నుంచి నలిగి నునుపెక్కిన వాక్యం కాబట్టి దిద్దడానికి ఏమీ ఉండదు. పదికి పది వేయండి. ఇప్పుడు ఇంకో ఉత్తరం వచ్చిందనుకోండి. ఈ మెట్ట ఊళ్ళలో వాన మొహం చాటేస్తే కూలికి గుంటూరు వైపు మిరప చేలకు పోయే ఇళ్ళు చాలా ఉన్నాయి కదా, అలాంటి ఇంటి పిల్లాడు గీతల కాగితం చించి రాసింది. ‘సర్, మై మదర్ గో గుంటూరు మిర్చి వర్క్. ఐ లుక్ మై సిస్టర్. షి స్మాల్. సో నో స్కూల్ వన్ వీక్.’ దీన్ని ఎట్లా దిద్దాలో జాగ్రత్తగా చూసుకోండి. ‘గో’ను చుట్టండి, పక్కన ‘హ్యాజ్ గాన్’ రాయండి. ‘లుక్’ తర్వాత ‘ఆఫ్టర్’ పెట్టండి. ‘షి’ తర్వాత క్రియ లేదు, రెండు గీతలు కొట్టండి. ‘నో స్కూల్’ దగ్గర ప్రశ్నార్థకం. కింద ‘పూర్’ అని రాసి సంతకం చేయండి. చెల్లెలికి ఎన్నేళ్ళు, వారం రోజులు వాళ్ళకు వండిపెట్టేది ఎవరు అన్నవి గ్రామరులోకి రావు. వారం తర్వాత పిల్లాడు వచ్చినప్పుడు ఇంగ్లీషులో ఉత్తరం ఎట్లా రాయాలో నేర్పండి: ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’.

బల్ల మీద ఎప్పుడూ ఒక రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం పెట్టుకోండి. ఎర్ర అట్టది దొరికితే శ్రేష్ఠం. విప్పనవసరం లేదు, విప్పితే చప్పుడు చేసే కొత్తదనం అలాగే ఉండాలి. ఆ రెన్ బొంబాయి రాజధానిలో విద్యాశాఖ ఉద్యోగం చేసినవాడని, 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి గ్రామరుకంటే దానితోనే ప్రపంచానికి తెలిశాడని ఎవరైనా చెబితే, వినపడనట్టు ఉండండి. గ్రామరు రాసినవాడు కథలు అల్లేవాడంటే గౌరవం తగ్గుతుంది.

మన గోత్రానికి మూలపురుషుడు కావాలంటే రాబర్ట్ లౌత్ ఉన్నాడు. 1762లో ఇంగ్లీషు వ్యాకరణం అచ్చేసి, అందులో షేక్‌స్పియర్‌కూ మిల్టన్‌కూ తప్పులు పట్టాడు. తర్వాత లండన్ బిషప్ కూడా అయ్యాడు. చూశారా, తప్పులు పట్టినవాడికి పదవి ఎట్లా వచ్చిందో! షేక్‌స్పియర్ నాటకాలు ఆగిపోలేదు కదా అంటారా, అది వేరే శాఖ.

తెలుగులో ఈ వంశం కొంచెం ఎదురుదెబ్బ తిన్నది. గ్రాంథికమే భాష, జనం మాట్లాడేది అపభ్రంశం అని పండితులు పట్టుబట్టిన రోజుల్లో పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి పంతులు వచ్చి ఒక చెడ్డ పని చేశాడు. గ్రాంథికం రాయాలనేవాళ్ళ గ్రాంథికాన్నే తీసి ముందు పెట్టుకున్నాడు. వాళ్ళు పెట్టిన నియమాలతోనే వాళ్ళ వాక్యాలు తూచాడు. పేజీలకు పేజీలు తప్పులు తేలాయి. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని దానికో పేరు కూడా పెట్టాడు. ఇలాంటి మనిషి మన టీ అంగడి దగ్గర తగలకుండా చూసుకోవాలి. తగిలితే, మనం ఈ దిద్దుబాట్ల గురించి వాట్సాప్ గ్రూపులో పెట్టే తెలుగు పోస్టు చదివి, ‘పద్ధతి’కి ధ వత్తేదయ్యా, ‘ధన్యవాధాలు’లో రెండో ధకు కింద ఆ వత్తు గీత ఎందుకయ్యా, ‘అర్ధం’ అంటే సగం కదయ్యా అని అడుగుతాడు. ఇంగ్లీషులో ఒక ‘ది’ పోతే పరువు పోయినట్టు, తెలుగులో వత్తులు పోతే టైము కలిసొచ్చినట్టు భావించడం మన శాస్త్రానికి పునాది.

పునాది అన్నాక రాయి గురించి చెప్పాలి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని బడి ఒకప్పుడు మన రాష్ట్రంలో దొరకడం కష్టం. గనిలో రాయి తీసి, పొరలుగా చీల్చి, కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగించి పంపేవాళ్ళు. పిల్లలు దాని మీద దొండాకు పసరు, బొగ్గుపొడి రుద్ది నలుపు తెచ్చుకునేవాళ్ళు. దాని మీద ‘బి’ బదులు ‘డి’ పడితే ఉమ్మి పెట్టి మోచేత్తో ఒక్క తుడుపు, తప్పుకు సాక్ష్యం లేదు. మన విద్యకు ఇంతకంటే శత్రువైన వస్తువు ఇంకోటి లేదు. ఎవడు ఎన్నిసార్లు తప్పు రాశాడో లెక్కే ఉండేది కాదు, చివరికి ఏం రాశాడన్నదే మాస్టారు చూసేవాడు. నోటుబుక్కు, ఎర్ర ఇంకు వచ్చాక పరిస్థితి బాగుపడింది. ఇప్పుడు స్క్రీన్‌షాట్ వచ్చింది. మేనకోడలు గ్రూపులో ‘ఐ యామ్ వెరీ హ్యాపీ టు ఇన్ఫార్మ్’ దాకా బాగానే రాసి ఆపై జారితే, ఆమె సరిచేసుకునేలోగా తీసి దాచుకోండి. ఉద్యోగం వచ్చిందని చెప్పబోయింది, ఏ ఉద్యోగమో అడిగేవాళ్ళు అడుగుతారు లెండి.

ఆ పలకలే ఇప్పుడు బడికంటే ఎక్కువగా గోడలకూ నేలలకూ పరిచే రాళ్ళుగా విదేశాలకు పోతున్నాయి. అలా రాయి పంపే ఒకాయన ఫోన్లో ‘సర్, టుమారో వి ఆర్ సెండింగ్ టూ కంటైనర్. వన్ కలర్ బ్లాక్, వన్ కలర్ మల్టీ. యు డోంట్ వర్రీ’ అంటున్నాడనుకోండి. అవతలివాడిది ఇటలీయో, చైనాయో. వాడి జవాబు ఇంకా ఘోరం: ‘ఓకే ఫ్రెండ్, ఐ వెయిట్.’ ఇద్దరి మధ్యా ఒక్క వాక్యం నిలువుగా నిలబడలేదు, రెండు కంటైనర్లు మాత్రం ఓడెక్కాయి. మీరు అక్కడుంటే ‘కంటైనర్స్’ అని అందించాలి. ఆ తర్వాత ఆయన ఆర్డరు కాగితంలో 10 మిల్లీమీటర్ల మందమని రాయవలసిన చోట 10 సెంటీమీటర్లని కొడుతుంటే మాత్రం కాఫీ తాగుతూ ఉండండి. అది లెక్క, వ్యాకరణం కాదు. తేదీ దగ్గర 03/04 అని వేస్తే మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాడికి మార్చి నాలుగు. అదీ మన శాఖ కాదు.

నిజానికి మనకు సంబంధం లేని తప్పుల జాబితా పెద్దదే. పదో తరగతి మెమోలో పిల్ల పేరు చివర ఒక ‘ఎ’ తక్కువ పడింది. ఆధార్లో ఇంటిపేరు ముందుకొచ్చింది. బ్యాంకు పుస్తకంలో ‘వై’కి బదులు ‘ఐ’ ఉంది. పట్టాదారు పాసు పుస్తకంలో తండ్రి పేరు స్థానంలో తాత పేరు పడింది, సర్వే నంబరులో ఒక అంకె ఎగిరిపోయింది. ఆ పిల్ల ఫీజు డబ్బులు ఖాతాలో పడవు. ఆ రైతుకు లోను రాదు. పాస్‌పోర్టు ఆఫీసులో రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ చేయించుకురమ్మంటారు. సచివాలయం నుంచి మీసేవకు, మీసేవ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లా కేంద్రానికి తిరుగుతూ బస్సు చార్జీలే వడ్డీతో సమానమవుతాయి. ఇవి ఒక్క అక్షరంతో పోయే తప్పులు. రాసిన రోజే పక్కన కూర్చున్న చదువుకున్నవాడు ఒకసారి చూసి ‘అమ్మాయ్, స్పెల్లింగు సరిచూసుకో’ అంటే అక్కడికక్కడే పోయేవి. మనం చూడం. ఫారం నింపేటప్పుడు ఆమె కిటికీ దగ్గర గుమాస్తాతో ‘సర్, మై అప్లికేషన్ ఈజ్ నాట్ కేమ్’ అన్నదే మన చెవిన పడుతుంది, దాన్నే ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకుంటాం.

ఒక్క కామా కూడా డబ్బు తినగలదని అమెరికాలో తేలింది. మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ అనే పాల కంపెనీ డ్రైవర్లు ఓవర్‌టైం కోసం కోర్టుకెక్కారు. చట్టంలో ఓవర్‌టైం వర్తించని పనుల వరుసలో ఒకచోట కామా లేదు, దాంతో పాలు చేరవేయడం ఆ వరుసలోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల పక్షం తీసుకుంది, మరుసటి ఏడు 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈ కథను మీరు తరచూ చెప్పాలి, ‘చూశారా, కామా ఎంత ముఖ్యమో’ అని. అది చట్టం రాసినవాళ్ళ తప్పని, డ్రైవర్ల ఇంగ్లీషును ఆ కేసులో ఎవరూ దిద్దలేదని మాత్రం కలపకండి.

పిల్లల విషయంలో ప్రభుత్వాల మీద ఆధారపడలేం. 2019 నవంబరులో సర్కారు బళ్ళన్నిటా ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. 2023లో టోఫెల్ అన్నారు. వాళ్ళు ఎటు తిప్పినా, పిల్ల నోరు తెరిచిన తర్వాత పని మనదే. 2022లో కాకినాడ జిల్లా బెండపూడి హైస్కూలు పిల్లలు అమెరికా యాసలో గడగడ మాట్లాడిన వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. ముఖ్యమంత్రిని కూడా కలిశారు. సర్కారు బడి పిల్లలు జంకు లేకుండా అంతసేపు ఇంగ్లీషు మాట్లాడటమే కొందరు తట్టుకోలేకపోయారు. వెంటనే ఒక్కొక్క వాక్యాన్నీ ఆపి ఆపి చూపిస్తూ, ఇక్కడ టెన్సు పోయింది, అక్కడ యాస అతిగా ఉంది అని వెక్కిరింపులు మొదలుపెట్టారు. మన విద్య ఎంత ఎత్తుకు ఎదిగిందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం లేదు. వెక్కిరించిన వాటి కింద రాసిన వ్యాఖ్యల్లో ఇంగ్లీషు ఎట్లా ఉందో అడగొద్దు, అవి పెద్దవాళ్ళవి.

ఇంకో అస్త్రం ఉంది, అవసరమైనప్పుడే తీయండి: ‘టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టిన సీమలో ఇదేం ఇంగ్లీషయ్యా!’ లండన్లో బారిస్టరీ చదివొచ్చిన మనిషి, 1921లో మద్రాసులో ‘స్వరాజ్య’ ఇంగ్లీషు దినపత్రిక పెట్టిన మనిషి. ఆ పేరు వినగానే ఎంతటివాడైనా తగ్గుతాడు. ఆ పంతులుగారు చిన్నతనంలో తల్లి ఒంగోలులో పూటకూళ్ళు నడిపితే బతికాడని, చదువు మానేసి నాటకాల వెంట తిరుగుతున్నవాణ్ణి ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు వెంటబెట్టుకు పోయి చదివించాడని ఎదుటివాడికి తెలిసి ఉంటే అస్త్రం తిరిగొస్తుంది. ముందు కనుక్కోండి.

కొన్ని సందర్భాల్లో ఇంగ్లీషే మనల్ని మోసం చేస్తుంది. ‘ప్రీపోన్’ అనే మాటే లేదని నలభై ఏళ్ళు తరగతులు తీసుకున్నాక అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూర్చుని కనపడుతుంది. 2017లో అదే నిఘంటువు పెద్దది మన ‘అన్న’ను కూడా తీసుకుంది. ఇక గిద్దలూరు ఆటో స్టాండులో ‘అన్నా, వేర్ గోయింగ్?’ అన్న కుర్రాడి వాక్యంలో ఒక పదం ఆక్స్‌ఫర్డ్ ఆమోదం పొందిందే అవుతుంది. ఇలాంటి నిఘంటువులను ఇంట్లో ఉంచకపోవడం మంచిది.

శ్రద్ధగా చేస్తే ఫలితం ఏడాదిలోపే కనిపిస్తుంది. మొదట మేనల్లుడు మీ ముందు ఇంగ్లీషు పత్రిక పైకి చదవడం మానేస్తాడు. తర్వాత కోడలు ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడవలసి వస్తే మేడెక్కుతుంది. మనవరాలు బళ్ళో చెయ్యెత్తదు. కొన్నేళ్ళకు హైదరాబాదులో ఇంటర్వ్యూకి పోయి, అడిగినదానికి జవాబు తెలిసి కూడా, ‘హ్యాజ్’ పెట్టాలా ‘హ్యాడ్’ పెట్టాలా అని లోపల సర్దుకునేలోగా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయి ‘సర్, ఐ యామ్ నోయింగ్ దిస్ ఆన్సర్’ అని చెప్పేసి ఆ ఉద్యోగం తెచ్చుకుంటాడు. అమ్మాయి మాత్రం ఆ రోజు ఒక్క తప్పు కూడా మాట్లాడలేదు. మీ ఇంట్లో ఇప్పుడు ఇంగ్లీషు తప్పులు సున్నా. ఈ విషయం పదిమందికీ చెప్పుకోండి.

మిగిలింది ఒకటే. ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్నే ఎవరో దిద్దుతారు. మీరు భోజనాల దగ్గర ‘వి విల్ డిస్కస్ అబౌట్ ఇట్’ అంటారు. ఆరో తరగతి మనవడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ‘తాతయ్యా, డిస్కస్ తర్వాత అబౌట్ రాదంట, మా మిస్సు చెప్పింది’ అంటాడు. కంగారు పడొద్దు. ఆటోకరెక్ట్ వల్ల వచ్చిందనండి. నోటితో అన్నదానికి ఆటోకరెక్ట్ యాడిది తాతయ్యా అని వాడు అడిగితే, పెద్దవాళ్ళతో మాట్లాడే పద్దతి ఇదేనా అని తెలుగులో గద్దించండి. ఆ ‘పద్దతి’లో వత్తు లేదని వాడికి తెలియదు, ఇంగ్లీషు మీడియం.